కుంటలోకి కొట్టే బంతి కరగాలా, తేలాలా?

ప్రశ్న: ఏడాదిగా గోల్ఫ్ నేర్చుకుంటున్నాను. రోజూ పెరట్లో నెట్ కట్టుకుని కొడతాను. వీలైనప్పుడు ఖాళీ మైదానంలో చిప్పింగ్ (దగ్గరి దూరానికి చిన్న దెబ్బలు) చేస్తాను. నెలకు రెండుసార్లు బంధువుల తోటకు వెళ్ళి, గట్టు మీద నిలబడి చేపల కుంటలోకి వెడ్జులతో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్బులతో) కొడతాను. కుంట అరెకరం ఉంటుంది, నడుములోతు నీళ్ళు. అందులో పడ్డ బంతులు ఇక రావు. చేస్తున్నది తప్పేమోనని ఈమధ్య అనిపిస్తోంది. నీటిలో కరిగేవి, బయోడిగ్రేడబుల్, రీసైకిల్డ్ అంటూ రకరకాల బంతులు అమ్మకానికి కనబడుతున్నాయి. వీటిలో పర్యావరణానికి హాని చేయనివి ఏవి? నా దగ్గర పాత బంతులు ఒక బస్తా ఉన్నాయి. వాటిని తీసేసి కొత్తవి కొనుక్కోవడం మంచిదేనా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: ముందుగా, ఆ బస్తా పారేయకండి. పెరట్లో నెట్‌కీ, మైదానంలో చిప్పింగ్‌కీ మీకు కొత్త బంతి ఒక్కటి కూడా అక్కర్లేదు. కొనాల్సిందల్లా కుంట కోసమే. అక్కడ కూడా కరిగే బంతులు వద్దు, తేలే బంతులు కొనండి. ఎందుకో వివరంగా చెబుతాం.

ప్రాక్టీసు బంతి ఎంచుకునేటప్పుడు దాన్ని దేనితో చేశారని చాలామంది ముందు అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, కొట్టాక అది తిరిగి చేతికొస్తుందా రాదా అన్నది. తిరిగొచ్చే బంతి మామూలు రబ్బరు, ప్లాస్టిక్‌దే అయినా ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. ఒక్క దెబ్బకు పోయే బంతిని ఎంత మంచి పదార్థంతో చేసినా, ప్రతి దెబ్బకూ ఇంకొకటి తయారు చేయాలి, రవాణా చేయాలి, అట్టపెట్టెలో పెట్టాలి. పర్యావరణం పేరు చెప్పి వారానికో పెట్టె కొనిపించే ఏర్పాటు అది.

ఇప్పుడు కుంట అడుగున ఏముందో చూద్దాం. మామూలు టూ-పీస్ బంతి లోపల పాలీబ్యూటడైన్ అనే కృత్రిమ రబ్బరు గుండు ఉంటుంది. అది గట్టిపడటానికి జింక్ డయాక్రిలేట్, బరువు కుదరడానికి జింక్ ఆక్సైడో బేరియం సల్ఫేటో కలుపుతారు. పైన ఐయొనోమర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరు గానీ, ఖరీదైన బంతులకు యూరెథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ కవరు గానీ వేస్తారు. నియమాల ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఆ వ్యాసం ఉన్న గోళం ఘనపరిమాణం 40.7 ఘన సెంటీమీటర్లు. అంటే నిండు బరువున్న బంతి నీటికంటే సుమారు 13 శాతం బరువైనది. అందుకే అది పడగానే మునిగిపోయి బురదలో కూరుకుపోతుంది. కవరు చెక్కుచెదరనంత కాలం లోపలి రబ్బరు నీటికి తగలదు. కవరు పగిలినా అరిగినా జింకు, రబ్బరు తునకలు బయటికి రావడం మొదలవుతుంది. నీటిలో జింకు మోతాదు మించితే చేపలకూ, వాటికి ఆహారమయ్యే చిన్న ప్రాణులకూ విషమే.

సముద్రంలో ఇదెంత దూరం పోయిందో లెక్క ఉంది. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ పరిసరాల తీరజలాల నుంచి అలెక్స్ వెబర్ అనే యువతి, ఆమెతో కలిసి ఈదినవాళ్ళు ఏరిన బంతులు 50,681. 2019లో ఆ వివరాలు పరిశోధనా పత్రంగా వచ్చాయి. అలల్లో, ఇసుకలో దొర్లిన బంతులు పైనున్న చిన్న గుంతలు చెరిగిపోయి నున్నగా అయ్యాయి, కొన్నింటి కవరే ఊడిపోయింది. ఆ అరిగిన ప్లాస్టిక్ అంతా నీటిలోనే ఉండిపోయినట్టు లెక్క. మీ కుంటలో అలలు లేవు కాబట్టి అరుగుదల అంత ఉండదు, కానీ అదే కారణాన బంతులు అక్కడే పోగుపడతాయి.

ఇక కరిగే బంతుల సంగతి. వీటి చరిత్ర ఓడలతో ముడిపడింది. ఒకప్పుడు విహార నౌకల డెక్కు మీద నుంచి ప్రయాణికులు సముద్రంలోకి గోల్ఫ్ బంతులు కొట్టేవారు. ఓడల నుంచి సముద్రంలో ప్లాస్టిక్ వేయకూడదన్న అంతర్జాతీయ నిబంధన, మార్పోల్ ఐదో అనుబంధం, 1988 చివర్లో అమల్లోకి వచ్చాక ఆ సరదాకు తెరపడింది. దాంతో నీటిలో కలిసిపోయే బంతి కోసం ప్రయత్నాలు సాగాయి. 2011లో అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయంలో లాబ్‌స్టర్ డొప్పల పొడితో బంతి చేసి చూపించారు. స్పెయిన్‌కు చెందిన ఆల్బస్ గోల్ఫ్ సంస్థ, పైన నీటిలో విడిపోయే డొల్ల, లోపల చేపల మేత ఉన్న ఇకోబయోబాల్ అమ్మింది. ఆలోచన మంచిదే. అయితే ఇవన్నీ సముద్రాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి. మీది అరెకరం కుంట. తేడా అంతా అక్కడే ఉంది.

కరిగిన బంతి మాయమైపోదు. పిండిపదార్థమైనా, మేతైనా, జిగురైనా నీటిలోని సూక్ష్మజీవులు దాన్ని తినాలి, తినడానికి వాటికి ఆక్సిజన్ కావాలి. ఒక గ్రాము పిండిపదార్థం పూర్తిగా కుళ్ళడానికి సుమారు 1.2 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది. బంతిలో 40 గ్రాముల పిండి ఉందనుకుంటే దాదాపు 48 గ్రాములు. 27 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో కరిగి ఉండగలిగే ఆక్సిజన్ 8 మిల్లీగ్రాములే. అంటే ఒక్క బంతి కుళ్ళడానికి 6,000 లీటర్ల నీటిలో ఉన్న ఆక్సిజన్ మొత్తం కావాలి. అరెకరంలో ఒక మీటరు లోతున ఉండేది సుమారు 20 లక్షల లీటర్ల నీరు. నెలకు 100 బంతులు కొడితే ఆ కుంటలో ఉన్న ఆక్సిజన్‌లో దాదాపు మూడో వంతు ఈ బంతులకే కావాలన్నమాట.

ఇదంతా ఒక్కరోజులో జరగదు. కుళ్ళడం రోజుల తరబడి సాగుతుంది, ఈలోగా గాలి నుంచీ పాచి నుంచీ కొత్త ఆక్సిజన్ చేరుతుంది. కాబట్టి బంతులు పడగానే చేపలు చస్తాయని కాదు. కానీ చేపల కుంటల్లో ఆక్సిజన్ ఎప్పుడూ తెల్లవారుజామునే అడుగంటుతుంది. రాత్రంతా మొక్కలు, పాచి కూడా దాన్ని వాడేసుకుంటాయి గనుక. ఎండాకాలంలో వేడినీటిలో నిలిచేది ఇంకా తక్కువ. పొద్దున్నే చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ కనబడ్డాయంటే అప్పటికే ఊపిరాడక ఉన్నాయని అర్థం. అలాంటి కుంటకు అదనపు భారం ఎంత చిన్నదైనా మంచిది కాదు. పైగా మేతలోని నత్రజని, భాస్వరం నీటిలో పాచిని పెంచుతాయి. అది చచ్చి కుళ్ళేటప్పుడు మళ్ళీ ఆక్సిజన్ లాగుతుంది.

‘ఎలాగూ చేపలకు మేత వేస్తారు కదా, బంతిలో మేత వేస్తే తప్పేముంది’ అని మీకు అనిపించవచ్చు. కుంట చూసుకునేవాళ్ళు చేపల బరువును బట్టి, నీటి తీరును బట్టి మేత తూకం వేసి, చేపలు తినే చోట, తినే వేళకు వేస్తారు. మబ్బు పట్టిన రోజుల్లో తగ్గిస్తారు, ఆపేస్తారు కూడా. బంతి ఆ లెక్కకు అందదు. ఎక్కడ పడితే అక్కడ బురదలో విచ్చుకుంటుంది, తినగా మిగిలింది అక్కడే పులుస్తుంది.

లేబుళ్ళ మీది మాటలు కూడా విడివిడిగా అర్థం చేసుకోవాలి. ‘నీటిలో కరుగుతుంది’ వేరు, ‘జీర్ణమవుతుంది’ వేరు. కరిగే బంతుల పై పొరల్లో తరచూ వాడే పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) అనే పదార్థం నీటిలో కలిసిపోయి కంటికి కనబడకుండా పోతుంది. కానీ దాన్ని తినగల సూక్ష్మజీవులు ఎక్కువగా మురుగునీటి శుద్ధి కేంద్రాల్లాంటి చోట్ల పెరుగుతాయి. మామూలు చెరువు నీటిలో అది చాలా నెమ్మదిగా విరుగుతుంది. విరిగినప్పుడు పడే ఆక్సిజన్ గ్రాముకు 1.8 గ్రాములు, పిండికంటే ఎక్కువ.

‘కంపోస్టబుల్’ అన్న మాటకు వెనక ఈఎన్ 13432 అనే యూరప్ ప్రమాణం లాంటిది ఉంటే, సుమారు 58 డిగ్రీల వేడిలో నడిచే పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలో ఆరు నెలల్లోపు 90 శాతం విచ్ఛిన్నమవుతుందని అర్థం. మీ మైదానంలో గడ్డి కిందా, కుంట అడుగునా ఆ వేడి రాదు. పీఎల్ఏ అనే, మొక్కల పిండి నుంచి తీసే ప్లాస్టిక్‌తో చేసిన బంతులు ఇక్కడే దొరికిపోతాయి. కంపోస్టు కేంద్రంలో విరిగే ఆ పదార్థం చల్లటి నీటిలో మామూలు ప్లాస్టిక్‌లాగే పడి ఉంటుంది. ‘ఆక్సో’ అని ముందు తగిలించి ‘డిగ్రేడబుల్’ అంటే ఇంకా అధ్వానం. అది ప్లాస్టిక్‌ను చిన్న ముక్కలు చేస్తుందంతే. యూరోపియన్ యూనియన్ అలాంటి ప్లాస్టిక్ వస్తువుల అమ్మకాన్ని 2021 జులై నుంచి నిషేధించింది.

అయినా ఎప్పుడైనా కొనాల్సి వస్తే అమ్మేవాళ్ళను అడగవలసినవి ఇవి: ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారు? మట్టిలోనా, మంచినీటిలోనా, సముద్రపు నీటిలోనా? ఎంత వేడిలో, ఎన్ని రోజులకు ఎంత శాతం? పరీక్షించింది లోపలి గుండునా, రంగు, సిరా, పై పూతలతో సహా మొత్తం బంతినా? ఈ చివరి ప్రశ్నకే చాలామంది తడబడతారు. నీటిలో ఎంత త్వరగా జీర్ణమవుతుందో చూసే ఓఈసీడీ 301 పరీక్షలో 28 రోజుల్లో 60 శాతం దాటిందని కాగితం చూపిస్తే అది పట్టించుకోదగ్గ మాట. సముద్రానికైతే 30 డిగ్రీల సముద్రపు నీటిలో ఆరు నెలల్లో 90 శాతం విరగాలనే ధ్రువీకరణ సంస్థ టీయూవీ ఆస్ట్రియా వారి మెరైన్ ముద్ర ఉంది. ఏదీ చూపించకుండా ప్యాకెట్ మీద ఆకు బొమ్మ వేసి ఊరుకున్నవాటి జోలికి వెళ్ళకండి.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. కుంట నీళ్ళే బకెట్టులో పట్టి, ఒక బంతి వేసి వారం రోజులు నీడన ఉంచండి. రోజూ ఒకసారి చూడండి. ఆఖరున ఆ నీటిని పలచటి తెల్ల గుడ్డలో వడకట్టండి. గుడ్డ మీద రంగు పొర, నార, మెరిసే పలుకులు మిగిలితే అవి కుంటలోనూ మిగులుతాయి. ఏమీ మిగలకపోతే కరిగిందని మాత్రమే తెలుస్తుంది, జీర్ణమైందని కాదు. ఆ నీళ్ళు మురుగు వాసన వేసి నల్లబడితే ఆక్సిజన్ అంతా అయిపోయిందని గుర్తు. పైన చెప్పిన లెక్కలు నమ్మకం కలిగించకపోతే ఆ బకెట్టు కలిగిస్తుంది.

ప్రాక్టీసు పరంగానూ కరిగే బంతులకు లోపాలున్నాయి. దూరం తక్కువ, చేతికి తగిలే దెబ్బ వేరు, వెడ్జుతో వచ్చే స్పిన్ వేరు. కాబట్టి ఏ వెడ్జుతో ఎంత దూరం వెళుతుందో వాటితో నేర్చుకోలేరు. గాలిలో తేమకు మెత్తబడతాయి. తడి గడ్డి మీద పది నిమిషాలు ఉంచితే పైపొర జిగటగా మారి క్లబ్ ముఖం మీది సన్నటి గాళ్ళలో అంటుకుంటుంది. సరిగ్గా మూత పడని డబ్బాలో వానాకాలం ఉంచితే కొట్టకముందే పగుళ్ళు పడతాయి.

ఇక తేలే బంతులు. నీటి మీదికి కొట్టే డ్రైవింగ్ రేంజుల్లో, అంటే గోల్ఫ్ ప్రాక్టీసు స్థలాల్లో, వాడేవి ఇవే. పరిమాణం మామూలు బంతిదే, బరువు మాత్రం 40.7 గ్రాములలోపు ఉంటుంది, అందుకే మునగవు. కొనేటప్పుడు వంటింటి డిజిటల్ త్రాసు మీద ఒకటి తూచి చూడండి. 38 గ్రాములకు అటూ ఇటూ ఉంటే హాయి. 40 దగ్గరికి వచ్చినవి తేలుతాయి గానీ నీటి పైన కనబడేది వీపు మాత్రమే, అవి గట్టుకు చేరడానికి గంటలు పడుతుంది. తేలికైనవి కాబట్టి గాలిలో వేగం త్వరగా కోల్పోతాయి, పక్కగాలికి ఎక్కువ పక్కకు పోతాయి. మామూలు బంతికంటే దూరం తక్కువే. మీరు కొట్టేది వెడ్జులతో కనుక ఈ తేడా బాగా దూరం కొట్టే డ్రైవరు క్లబ్‌తో ఉన్నంత ఉండదు. అయినా నోటు పుస్తకంలో దూరాలు రాసుకునేటప్పుడు తేలే బంతివి వేరే గడిలో రాయండి. 24 బంతులు చాలు. రంగు ముదురు నారింజ గానీ పసుపు గానీ తీసుకోండి. తెల్లవి నీటి మీది మెరుపులో కలిసిపోతాయి.

వాటిని తిరిగి రాబట్టే ఏర్పాటు కొట్టకముందే చేసుకోవాలి. గాలి మీ వెనక నుంచి వీస్తున్నప్పుడు కొట్టండి. అలలు బంతుల్ని ఎదుటి గట్టుకు తోస్తాయి. అక్కడ రెల్లు, తామరాకులు, గుర్రపుడెక్క ఉంటే బంతులు వాటి కిందికి దూరతాయి, కాబట్టి శుభ్రంగా ఉన్న వైపే ఎంచుకోండి. ఎదుటి గట్టు ముందు అడ్డుగా ఒక తాడు వేయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. నీటి పైన తేలే తాడొక్కటే వేస్తే బంతులు దాని కింది నుంచి జారిపోతాయి. 38 గ్రాముల బంతి పదింట తొమ్మిది వంతులకు పైగా నీటిలోనే మునిగి ఉంటుంది కదా. తాడుకు వెదురు బొంగులో, మూత బిగించిన ఖాళీ సీసాలో తేలడానికి కట్టి, దాని కింద ఒక జానెడు వెడల్పున వల ముక్క వేలాడదీయండి. వల కిందికి నిలవడానికి అక్కడక్కడా చిన్న రాయి కట్టండి. థర్మకోల్ ముక్కలు వాడకండి. ఎండకు అవి పొడిపొడిగా రాలి, బంతులతో తప్పించిన చెత్తనే కుంటలో వేస్తాయి.

పొడవాటి కర్రకు బిగించిన చేతివలతో గట్టు మీద నుంచే తీయండి. ఒంటరిగా నీళ్ళలోకి దిగవద్దు. నడుములోతే అయినా అడుగున బురద మడమల్ని పట్టేస్తుంది. వచ్చేముందు లెక్క పెట్టండి. 24 తీసుకెళ్తే 24 రావాలి. రెండు తగ్గితే మర్నాడు పొద్దున గట్టు చుట్టూ ఒకసారి చూడమని అక్కడివాళ్ళకు చెప్పిరండి. రాత్రి గాలి చాలావాటిని ఒడ్డుకు తెస్తుంది. కొన్ని నెలలకొకసారి బంతులన్నీ ఒక రోజంతా నీళ్ళ తొట్టెలో వేసి చూడండి. కవరులో సన్న పగులున్న బంతి మొదట తేలినా, లోపలికి నీరు పట్టాక నెమ్మదిగా కిందికి దిగుతుంది. అలా దిగినవాటిని నెట్‌కు మార్చేయండి. అన్నిటికంటే ముందు కుంట చూసుకునేవారిని అడిగి, చేపలు పట్టే రోజు, మేత వేసే వేళ తెలుసుకుని ఆ సమయాల్లో మానేయండి.

ఇప్పటికే అడుగున పడి ఉన్న బంతుల మాట మరవకండి. చేపలు పట్టడానికి అడుగుదాకా వల లాగినప్పుడు చాలావరకు వలలో పడతాయి. బంతులు కనబడితే మళ్ళీ నీళ్ళలోకి విసరకుండా గట్టు మీద వేయమని ముందే చెప్పి, ఒక బకెట్టు పెట్టి రండి. నీళ్ళు తగ్గే కాలంలో గట్టు వారన ఇనుప పళ్ళ దంతెతో గీసినా కొన్ని బయటపడతాయి. మీరు కొట్టినవి మీరు తీయించడం మీ మనసులోని బాధకు కూడా మందు.

నెట్ దగ్గరికి వద్దాం. ఇక్కడ బంతి ఎక్కడికీ పోదు కాబట్టి బస్తాలోవే వాడండి, పన్నెండు చాలు. ఐయొనోమర్ కవరున్న టూ-పీస్ బంతులు ఏరుకోండి. వేలిగోరుతో నొక్కితే గట్టిగా, కొంచెం జారుడుగా ఉంటుంది. యూరెథేన్ కవరు మెత్తన. వెడ్జు గాళ్ళు ప్రతి నిండు స్వింగుకూ దాన్ని కొద్దికొద్దిగా చెక్కేస్తాయి, ఆ పొట్టు మ్యాట్ మీదా నేల మీదా రాలుతుంది. నిశితంగా చూస్తే క్లబ్ గాళ్ళలో తెల్లటి పొడి కనబడుతుంది, అది బంతి కవరే. బంతి నుంచి నెట్‌కు రెండున్నర, మూడు మీటర్ల దూరం ఉంచి, నెట్ వదులుగా వేలాడనివ్వండి. బిగించి కడితే బంతి తిరిగి మీ మీదికే వస్తుంది, నెట్ కూడా త్వరగా తెగుతుంది. ఎండ తగిలే నైలాన్ దారం బలం కోల్పోయి రాలుతుంది. వాడనప్పుడు మడిచి లోపల పెట్టండి. మ్యాట్ నుంచి రాలే ప్లాస్టిక్ గడ్డిని ప్రతిసారీ చీపురుతో ఊడ్చి చెత్తలో వేయండి, తోటలోకి నీళ్ళతో కడగవద్దు. పెరటి ప్రాక్టీసులో బంతికంటే ఎక్కువ ప్లాస్టిక్ రాల్చేది తరచూ మ్యాటే.

ఫోమ్ బంతులు, చిల్లుల ప్లాస్టిక్ బంతులు కొనాలా అంటే, మీకు నెట్ ఉంది గనుక అక్కర్లేదు. నెట్ లేనివాళ్ళకు, పక్కింటి అద్దాలు దగ్గరగా ఉన్నవాళ్ళకు అవి పనికొస్తాయి. అవి కూడా ప్లాస్టిక్కే. ఫోమ్ బంతి పైపొర చిట్లిన రోజు నుంచి మెతుకు మెతుకుగా రాలుతుంది. చిల్లుల బంతికి పగులు ఎప్పుడూ చిల్లు అంచు దగ్గరో, రెండు సగాలు అతికిన గీత మీదో మొదలవుతుంది. సన్నగీత కనబడగానే పక్కన పెట్టాలి. ఇంకో పది దెబ్బలకు అది పెంకులు పెంకులుగా చెదురుతుంది, గడ్డిలో వాటిని ఏరడం ఎవరివల్లా కాదు.

మైదానంలో చిప్పింగ్‌కు స్పిన్, బంతి దొర్లే తీరు తెలియాలి కాబట్టి ఇక్కడ మాత్రం యూరెథేన్ కవరున్నవి ఆరో ఎనిమిదో పెట్టుకోండి. చిన్న స్వింగులకు కవరు అంతగా చెక్కుకుపోదు. అన్నిటికీ మందపాటి చెరగని సిరాతో ఒకే రంగు గీత గీయండి. పచ్చగడ్డిలో తెలుపు కనబడుతుంది, ఎండుటాకుల్లో పసుపు, గులాబీ నయం. ఒకే దిక్కుకు కొట్టండి, ప్రతి ఆరు బంతులకూ వెళ్ళి ఏరుకోండి. ముప్పై కొట్టి ఒకేసారి వెతికేవాళ్ళే పోగొట్టుకుంటారు. గడ్డి చీలమండ దాటి పెరిగిన చోట కొట్టనే కొట్టవద్దు. మిగిలిపోయిన బంతి గడ్డి కోసే యంత్రం కింద పడితే తునకలవుతుంది, ఆ తునక వేగంగా ఎగిరి మనిషికి తగలవచ్చు కూడా. బంతిని నిలబెట్టే పుల్లలు (టీలు) వాడితే చెక్కవి వాడండి. ప్లాస్టిక్ టీ విరిగితే సగం ముక్క నేలలోనే ఉండిపోతుంది.

‘రీసైకిల్డ్’ అని అమ్మే బంతుల గురించి అడిగారు. కరిగించి కొత్తగా పోసినవి అనుకుంటారు చాలామంది. కాదు, అవి పోయిన బంతుల్ని ఏరి, కడిగి, నాణ్యతను బట్టి విడదీసినవి. ‘రీఫర్బిష్డ్’ అంటే పాత రంగు గీకేసి కొత్త రంగు వేసినవి. కొత్త రంగు కింద ఏ పగులుందో తెలియదు, దెబ్బలకు ఆ రంగు పొట్టులా లేస్తుంది. మొదటి రకమే తీసుకోవాలి. ఎప్పుడైనా కొనే అవసరం వస్తే అవి, లేదా కంపెనీ చిన్న లోపాలకు ఎక్స్ గుర్తులు వేసి తక్కువకు ఇచ్చే బంతులు కొనండి. నెట్‌కు వాటిలో ఏ లోపమూ అడ్డురాదు.

బస్తాలోవాటిని ఒక మధ్యాహ్నం కూర్చుని విడదీయండి. గోరువెచ్చటి నీళ్ళలో అంట్ల సబ్బు రెండు చుక్కలు వేసి పావుగంట నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో రుద్దండి. బ్లీచింగ్, థిన్నర్, అసిటోన్ వద్దు, అవి పై పూతను తినేస్తాయి. కడిగిన నీటిని గుడ్డలో వడకట్టి రంగు పొట్టు చెత్తలో వేసి, నీళ్ళు పారబోయండి. ఆరాక ఒక్కొక్క బంతినీ బొటనవేలి గోరుతో చుట్టూ తడమండి. గోరు పట్టుకుంటే అక్కడ కోత ఉంది. ఐయొనోమర్ కవరుండి కోత లేనివి నెట్‌కు. యూరెథేన్ కవరుండి, గీతలున్నా కోత లేనివి చిప్పింగ్‌కు. గుంతలు అరిగినవి, పసుపెక్కినవి, బొబ్బలు లేచినవి ఇంట్లో కార్పెట్ మీద బంతిని దొర్లించే పటింగ్‌కు, వాటికి గాలిలో ఎగిరే పని లేదు. చాలాకాలం నీళ్ళలో ఉన్న బంతిని అనుమానిస్తే, గట్టి గచ్చు మీద దాన్నీ ఒక మంచి బంతినీ ఒకే ఎత్తు నుంచి వదిలి చూడండి. ఎగరడంలో తేడా కంటికే తెలుస్తుంది.

కోత కవరు దాటి లోపలి రబ్బరు కనబడుతున్న బంతిని ఇక ఏ క్లబ్‌తోనూ కొట్టవద్దు. దాన్ని కరిగించి మళ్ళీ వాడటం కుదరదు. ఆ రబ్బరు అణువులు ఒకదానికొకటి శాశ్వతంగా ముడిపడి ఉంటాయి, వేడి చేస్తే మాడుతుందే తప్ప కరగదు. పందొమ్మిదో శతాబ్దంలో వాడిన గట్టా పెర్చా బంతి ఈ విషయంలో నయం, దెబ్బతింటే వేడినీటిలో మెత్తబరిచి మళ్ళీ గుండ్రంగా ఒత్తుకునేవారు. ఇంటి దగ్గర ప్లాస్టిక్ తీసుకెళ్ళే రీసైక్లింగ్ డబ్బాలో దీన్ని వేస్తే మిగతా సరుకును పాడుచేస్తుంది. ఎవరైనా గోల్ఫ్ బంతులు సేకరించేవాళ్ళు ఉంటే వాళ్ళకివ్వండి, లేకపోతే పొడి చెత్తలో వేయండి. కాల్చవద్దు, కోసి లోపల చూడాలని ప్రయత్నించవద్దు. కొన్ని పాతకాలపు బంతుల్లో బిగించి చుట్టిన రబ్బరు దారం, మధ్యలో ద్రవం ఉంటాయి, కత్తి తగిలితే అది కళ్ళలోకి చిమ్ముతుంది.